సూది పట్టిన చెయ్యి వణకకుండా...

పటాన్‌చెరు: ఇంటర్ పాసైన ఆడపిల్లకు నర్సింగు సీటు వచ్చిందంటే ఊళ్లో ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఫీజు ఎంత, హాస్టల్ ఎక్కడ, చదువయ్యాక సర్కారు కొలువు దొరుకుతుందా, గల్ఫ్‌కు పోవచ్చునా అని చుట్టాలూ పక్కాలూ నూటొక్క ప్రశ్నలు వేస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. నెత్తురు చూస్తే నీకు భయమా అని ఆ పిల్లను అడిగిన వారు కనిపించరు. అడిగినా జవాబు ఆ పిల్లకు తెలియదు. వార్డులో అడుగు పెట్టాకే తెలుస్తుంది.

సంగారెడ్డి, పటాన్‌చెరు పక్క పల్లెల నుంచి ఎందరో పిల్లలు జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగు చదువులకు పోతున్నారు. మొదటిది మూడేళ్ల చదువు, రెండోది నాలుగేళ్లది. ఏ చదువైనా రోగి చేతి నుంచి నెత్తురు తీయడం నేర్చుకోక తప్పదు. పుస్తకంలో అది ఒకటి రెండు పుటల పాఠం. కొందరు పిల్లలకు మాత్రం ఆ రెండు పుటలే చదువు మానుకుందామా అనిపించేంత పెద్ద గండంగా మారుతున్నాయి.

రోగి లేచి నీళ్లిచ్చాడు

పటాన్‌చెరు మండలంలోని ఒక పల్లె పిల్ల సంగతి ఇది. పేరూ ఊరూ వేయవద్దని కోరినందున వేయడం లేదు. తండ్రి పాశమైలారం వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలీ. తల్లి పత్తి చేన్లకు కూలికి పోతుంది. ఇద్దరి కూలి డబ్బులు, వాటికి తోడు కొంత అప్పు కలిస్తేనే ఈ పిల్ల నర్సింగు చదువు.

మొదటి ఏడాది వార్డు డ్యూటీ కొత్తలో ఒక సిస్టర్ రోగి జబ్బకు రబ్బరు పట్టీ కట్టి సూది గుచ్చింది. పక్కన ట్రే పట్టుకుని నిలబడిన మన పిల్ల గొట్టంలోకి ఎర్రగా నెత్తురు ఎక్కడం చూసింది. చెవుల్లో హోరు లేచింది. నుదుట చల్లని చెమట పట్టింది. కళ్లకు చీకట్లు కమ్మాయి. మళ్లీ కళ్లు తెరిచేసరికి నేల మీద పడి ఉన్నది. నెత్తురు ఇచ్చిన రోగి మంచం దిగి వచ్చి ఆమెకు నీళ్లు తాగిస్తున్నాడు!

తోటి పిల్లలు నవ్వారు. ఆ రాత్రి ఆమె హాస్టల్లో బ్యాగు సర్దుకుంది. తల్లికి ఫోన్ చేసింది గాని అసలు మాట చెప్పలేకపోయింది. ఇంటికి పోతే అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది కదా! సర్దిన బ్యాగు మంచం కింద మూడు రోజులు అట్లాగే ఉన్నది.

ఆ మూడు రోజుల్లో ఆమె తనకు తాను వేసుకున్న శిక్ష ఏమిటంటే, ఈ లోకంలో ఇంత పిరికిది తానొక్కతే అనుకోవడం. అది నిజం కాదు. నెత్తురు, సూది, గాయం చూసి తట్టుకోలేని భయం నూటికి ముగ్గురు నలుగురిలో ఉంటుందని పరిశోధకుల అంచనా. ఆ లెక్కన అరవై మంది తరగతిలో ఇద్దరుంటారు. తక్కిన వాళ్లలో కూడా మొదటి రోజు గుండె దడ లేనివారు అరుదు. కంపెనీల్లో రక్తదాన శిబిరాలు పెట్టినప్పుడు చూడండి. కండలు తిరిగిన కుర్రవాళ్లే కుర్చీలోంచి జారిపడుతుంటారు. కాబట్టి ఇది ఆడపిల్లల పిరికితనం అనుకునే పెద్దమనుషులు ఆ మాట వెనక్కి తీసుకోవలసిందే.

పామును చూస్తే పరుగు, నెత్తురు చూస్తే నేలపాలు

ఈ భయానికి ఒక వింత గుణం ఉన్నది. చేనుగట్టున పాము ఎదురైతే మనిషి గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కాళ్లకు బలం వస్తుంది. పరుగు తీస్తాడు. పామును చూసి అక్కడికక్కడే సొమ్మసిల్లే వారు తక్కువ. నెత్తురు భయం అట్లా కాదు. మొదట గుండె దడదడ కొట్టుకుంటుంది. కొద్దిసేపటికే లెక్క తలకిందులవుతుంది. గుండె వేగం ఒక్కసారిగా తగ్గుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, నెత్తురు కాళ్ల వైపు జారుతుంది. మెదడుకు చాలినంత అందదు. మనిషి పడిపోతాడు.

పడిపోవడం కూడా ఒక విధంగా శరీరం చేసుకునే వైద్యమే. నేల మీద పడుకున్న మనిషికి తలా కాళ్లూ ఒకే మట్టానికి వస్తాయి, నెత్తురు మళ్లీ మెదడుకు చేరుతుంది, నిమిషం లోపే తెలివి వస్తుంది. అందుకే కళ్లు తిరిగిన వారిని లేపి కూర్చోబెట్టకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. మన దగ్గర చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. నలుగురు జబ్బలు పట్టి లేపుతారు, చుట్టూ మూగుతారు.

ఈ గుణం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా వస్తుంటుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు ఉండే అవకాశం ఎక్కువ. ఈ పిల్ల తర్వాత ఇంటికి పోయినప్పుడు ఆరా తీస్తే, తండ్రి కూడా కోడిని కోసే పని ఎప్పుడూ పక్కింటి వారికే అప్పగిస్తాడని బయటపడింది.

ఖాళీ కడుపు, నిద్రలేమి, ఉక్కపోత, ఎక్కువ సేపు కదలకుండా నిలబడడం ఈ మూర్ఛకు తోడవుతాయి. హాస్టల్ పిల్లలు పొద్దున టిఫిను మాని పరుగున డ్యూటీకి పోవడం మామూలే. రక్త నమూనాలు తీసేదీ సరిగ్గా పొద్దున పూటే. రోగి పరగడుపున ఉండాలి గాని, నర్సు పరగడుపున ఉండాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు!

కండలు బిగిస్తే కళ్లు తిరగవు

మూడో రోజు ఒక పెద్ద సిస్టర్ ఈ పిల్లను పిలిచి కూర్చోబెట్టింది. తిట్టలేదు. కాళ్లూ తొడలూ పొట్టా బిగపట్టమని చెప్పింది. ఆ సిస్టర్‌కు ఈ కిటుకు ఎక్కడ దొరికిందో గాని, దీని పుట్టిల్లు మాత్రం స్వీడన్. ఆ దేశంలో లార్స్ యోరాన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980 దశకంలో ఈ పద్ధతిని పరీక్షించి ప్రచారంలోకి తెచ్చారు.

సంగతి సులువైనదే. నెత్తురు భయంలో రక్తపోటు పడిపోవడమే గొడవ కనుక దాన్ని పడిపోకుండా నిలబెట్టాలి. కూర్చుని కాళ్లు, చేతులు, పొట్ట కండరాలను గట్టిగా బిగించాలి. పది పదిహేను సెకన్లలో ముఖం వెచ్చబడినట్టు తెలుస్తుంది. అప్పుడు వదలాలి. పూర్తిగా మెత్తబడకుండా మామూలు స్థితికి రావాలి. ఇరవై ముప్పై సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇట్లా ఐదు సార్లు. రోజుకు కొన్ని సార్లు చొప్పున వారం రోజులు అలవాటు చేస్తే, కళ్లు తిరగబోతున్న గుర్తులు కనబడగానే శరీరం తనంతట తానే బిగుసుకోవడం నేర్చుకుంటుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. భయపడే వారికి మనం సాధారణంగా చెప్పే మాట ఒళ్లు వదులు చేసుకో, నెమ్మదిగా ఊపిరి పీల్చుకో అని. మిగతా భయాలకు అది మంచి మందే. నెత్తురు చూసి పడిపోయే వారికి మాత్రం ఒళ్లు వదులు చేసుకోవడం చాలదు, ఒక్కోసారి పడిపోవడాన్ని తొందర చేస్తుంది కూడా. ఇక సూది పట్టుకున్న నర్సు చేతిని బిగించకూడదు, చేయి వణుకుతుంది. కాళ్లు, తొడలు, పొట్ట బిగిస్తే చాలు. రోగికి తెలియను కూడా తెలియదు.

ఆ పెద్ద సిస్టర్ ఇంకో పని చేసింది. సూది జోలికి పోవద్దని కొన్నాళ్లు ఆమెకు మెట్ల వారీగా పని ఇచ్చింది. మొదట నింపిన గొట్టాల మీద చీటీలు అతికించడం. తర్వాత వాటిని ల్యాబుకు మోసుకుపోవడం. తర్వాత నెత్తురు తీస్తుంటే దూది పట్టుకుని నిలబడడం. తర్వాత రబ్బరు పట్టీ కట్టి విప్పడం. ఒక మెట్టు మీద గుండె దడ తగ్గే దాకా ఆగి ఆ తర్వాతే పై మెట్టు ఎక్కించింది. భయం వేసిన చోటి నుంచి పారిపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది గాని, మరుసటి సారి భయం రెండింతలై కూర్చుంటుంది. నిలబడితే కొంత సేపటికి దానంతట అదే దిగిపోతుంది. ఈ పిల్లకు చీటీల నుంచి పట్టీ దాకా రావడానికి నెలకు పైగా పట్టింది. కొందరికి వారమే చాలవచ్చు. అప్పటికీ తగ్గని వారు మనోవైద్యుడిని కలవడంలో సిగ్గుపడే పని ఏమీ లేదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వపు టెలీమానస్ సేవ ద్వారా ఉచితంగా సలహా దొరుకుతుంది.

నొప్పి పెడతానేమో అన్న భయం

నెత్తురు భయం పోయిన తర్వాత దాని వెనుక దాక్కున్న రెండో భయం బయటికి వస్తుంది. అది నా చేతితో ఇంకొకరికి నొప్పి కలుగుతుందేమో, సూది తప్పితే ఎట్లా అన్న భయం. నిజం చెప్పాలంటే నర్సింగు పిల్లల్లో ఎక్కువ మందికి ఉండేది ఇదే. దీనికి కండలు బిగిస్తే లాభం లేదు. పని వచ్చి ఉండడమే దీనికి మందు.

అందుకే ముందు రబ్బరు చేయి మీద నేర్పుతారు. మనిషి చేయి ఆకారంలో చేసి, లోపల గొట్టాల్లో ఎర్రనీళ్లు పోసిన బొమ్మ అది. దాని మీద ఎన్నిసార్లు గుచ్చినా అరవదు.

ఇంతకూ మనం నరంలోంచి నెత్తురు తీశారు అంటాం గాని, నరం వేరు, రక్తనాళం వేరు. గుండెకు నెత్తురు తిరిగి తీసుకుపోయే నాళాన్ని సిర అంటారు. పరీక్షకు నెత్తురు తీసేది ఆ సిర నుంచే. మోచేతి మడతలో మధ్యన ఒకటి, బొటనవేలి వైపు ఒకటి, చిటికెన వేలి వైపు ఒకటి ఉంటాయి. మధ్యది అన్నిటికన్నా మేలు. కదలదు, నొప్పి తక్కువ. చిటికెన వేలి వైపున్న దాని పక్కనే ధమని, అసలైన నరం పోతుంటాయి కనుక అటు చివరికే పోవాలి.

పట్టీని గుచ్చే చోటికి నాలుగైదు వేళ్ల వెడల్పు పైన కట్టాలి. నిమిషం మించి ఉంచితే లోపలి నెత్తురు చిక్కబడి పరీక్ష ఫలితం తేడా వస్తుంది. ఆపైన వేలితో తడమాలి. కొత్తవారు కంటితో వెతుకుతారు. నీలంగా కనిపించిన ప్రతి గీతా పనికి రాదు. నొక్కితే స్పంజిలా కిందికి పోయి మళ్లీ పైకి లేచేది మంచి సిర. నల్లని ఒంటి మీదా, లావు చేతి మీదా అది కంటికి కనబడకపోయినా వేలికి దొరుకుతుంది. ఈ పిల్ల హాస్టల్లో కనబడిన ప్రతి చేయీ పట్టుకుని తడిమేది. మెస్సులో అన్నం వడ్డించే అవ్వను కూడా వదల్లేదట.

తర్వాత స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి. ఆరకముందే గుచ్చితే మంట పుడుతుంది. సూది నొప్పి అని మనం తిట్టుకునేది చాలాసార్లు ఆ తడి స్పిరిట్ మంటే. సూది మొన వాలు పైకి ఉండేలా, ముప్పై డిగ్రీలకు మించని వాలుతో, ఒకే ఊపున పోనివ్వాలి. భయపడుతూ మెల్లమెల్లగా గుచ్చితేనే నొప్పి ఎక్కువ. జాలి కూడా ఇక్కడ నొప్పి పెడుతుంది! నెత్తురు వచ్చాక ముందు పట్టీ విప్పాలి, ఆ తర్వాతే సూది బయటికి లాగాలి. ఈ వరుస తప్పితే చర్మం కింద నెత్తురు చిమ్మి నల్లగా కమిలిపోతుంది.

గొట్టాలకూ వరుస ఉన్నది. నెత్తురు గడ్డకట్టే తీరు చూసే నీలం మూత ముందు, తర్వాత ఎరుపు లేక పసుపు మూత, తర్వాత రక్తకణాల లెక్కకు ఊదా మూత, చివర చక్కెర పరీక్షకు బూడిద రంగు మూత. ఊదా మూత గొట్టంలోని మందు చుక్క ఎరుపు దానిలో పడితే పొటాషియం ఎక్కువగానూ, కాల్షియం తక్కువగానూ చూపిస్తుంది. లేని రోగం కాగితం మీద పుడుతుంది. పేరు చీటీ రోగి పక్కన ఉండగానే అతికించాలన్నది ఇంకో కట్టుబాటు. ఒకరి గొట్టం మీద మరొకరి పేరు పడి, ఆ గ్రూపు నెత్తురు ఎక్కిస్తే ప్రాణమే పోవచ్చు. రక్తపు గ్రూపుల సంగతి 1901లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ లాండ్‌స్టైనర్ కనిపెట్టక ముందు ఇట్లా పోయిన ప్రాణాలు ఎన్నో.

ముఠ్ఠీ బంద్ కరో

రబ్బరు చేయి మీద నేర్చినదంతా మనిషి చేయి ముందుకు వచ్చేసరికి సగం మరిచిపోతారు. అయితే పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పక్కన చదివే పిల్లలకు ఒక సౌకర్యం ఉన్నది. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చి కంపెనీల్లో పని చేసే కుర్రవాళ్లు దవాఖానకు వస్తారు. బరువులు మోసిన చేతులు కావడం వల్ల వాళ్ల సిరలు తాళ్లలా తేలి ఉంటాయి. కొత్త చేతికి అంతకన్నా మంచి బడి లేదు. తెలుగు రాని వారితో పిడికిలి బిగించు, వదులు అని హిందీలో చెప్పడం మాత్రం ఎట్లాగూ నేర్చుకోక తప్పదు.

ఈ పిల్ల మొదటిసారి నెత్తురు తీసింది అట్లాంటి ఒక కూలీ చేతి నుంచే. సిస్టర్ పక్కనే నిలబడింది. పిల్ల కాళ్లు బిగించింది. చేయి వణికింది గాని సూది తప్పలేదు. అతను అటువైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తనకన్నా అతనికే ఎక్కువ భయమని అప్పుడు ఆమెకు అర్థమైంది. మూడో రోగి ముసలమ్మ. సిర జారిపోయింది. రెండుసార్లు గుచ్చినా దొరకలేదు. రెండుసార్లకు మించి ప్రయత్నించకుండా చేయి తెలిసిన వారిని పిలవాలన్నది పెద్ద సిస్టర్లు నేర్పే పద్ధతి. పిలిచింది. ముసలివారివి జారే సిరలు, చిన్నపిల్లలవి సన్నని సిరలు. గాజులూ బిగుతు జాకెట్టు చేతులూ ఉన్న ఆడవారితో ఇంకో తంటా. ఇవన్నీ చేయి తిరిగిన కొద్దీ వచ్చేవే.

అర్ధరాత్రి గాజు గొట్టం

రెండో ఏడాది వానాకాలంలో ఒక రాత్రి డ్యూటీ సంగతి. పొలంలో నీళ్లు మళ్లించబోయిన ఒక రైతును పాము కరిచిందని తీసుకువచ్చారు. కాలు వాచి ఉన్నది. ఏ పామో చూడలేదన్నారు. డ్యూటీ డాక్టరు వెంటనే నెత్తురు తీయమన్నారు. స్టాఫ్ సిస్టర్ పక్క మంచం మీద ఫిట్స్ వచ్చిన మరో రోగిని పట్టుకుని ఉంది. అక్కడి నుంచే చూస్తూ ఈ పిల్లను తీయమన్నది.

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. పొడిగా శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల తాజా నెత్తురు పోసి ఇరవై నిమిషాలు కదలకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకడితే సరే. నీళ్లలా జారితే రక్తాన్ని విరిచే విషం ఎక్కినట్టు. మన వైపు పొలాల్లో అట్లాంటి విషం రక్తపింజరది. గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుపొడితో కడిగినదైనా ఫలితాన్ని నమ్మకూడదు. మొదటిసారి గడ్డకట్టినా అంతటితో వదలరు, మళ్లీ మళ్లీ చేసి చూస్తారు.

నిదానంగా చేస్తే రాత్రంతా ఉన్నది అనుకునే పని కాదిది. ఆలస్యమైన కొద్దీ విషం మూత్రపిండాలను పట్టుకుంటుంది. పిల్ల పట్టీ కట్టింది, తడిమింది, ఒక్కసారికే నెత్తురు వచ్చింది. వచ్చింది సరే, సూది తీసిన చోట ఆగడం లేదు! దూది మీద దూది తడిసింది. ఎక్కడైతే ఒకప్పుడు నెత్తురు చుక్క చూసి పడిపోయిందో, అట్లాంటి మంచం పక్కనే నిలబడి, కాళ్లు బిగబట్టుకుని, బొటనవేలితో ఆ చోటును చాలాసేపు నొక్కి పట్టుకుంది. ఇరవై నిమిషాల తర్వాత డాక్టరు గొట్టం వంచితే నెత్తురు నీళ్లలా జారింది. విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది కనుక ఏ పామో తెలియకపోయినా ఆగనక్కరలేదు. ఆ రైతు కొన్ని రోజుల తర్వాత నడిచి ఇంటికి పోయాడు.

పాము కరిచిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకుండా, కాలు కదలకుండా ఉంచి నేరుగా దవాఖానకు తేవాలని ఈ సందర్భంలో పాఠకులకు మరోసారి గుర్తు చేయడం అవసరం.

మూత మళ్లీ పెట్టవద్దు

నెత్తురు భయం పోయాక రావలసింది జాగ్రత్త. పూర్తిగా భయం లేకపోవడం కూడా ఈ పనిలో ప్రమాదమే. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టబోయి వేలికి గుచ్చుకునే ఘటనలు ఎక్కడైనా జరుగుతుంటాయి. అందుకే మూత పెట్టకుండా, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. హెచ్ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే ఆ రోగం సోకే అవకాశం వెయ్యింటికి మూడు. కామెర్ల బీ వైరస్ దానికన్నా ఎన్నో రెట్లు సులువుగా సోకుతుంది. అయితే దానికి టీకా ఉన్నది, మూడు మోతాదులు. నర్సింగు పిల్లలు వార్డులోకి పోకముందే వేయించుకోవాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి. తిడతారని దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద ముప్పు. పిల్లలు దాచకుండా చెప్పగలిగే వాతావరణం కల్పించవలసిన బాధ్యత పెద్దలదే.

నెత్తురు చుక్క విలువ

మన ప్రాంతానికీ నెత్తురు చుక్కకూ పాత చుట్టరికం ఉన్నది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాదులోనే. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలకు తన నెత్తురు తాగనిచ్చింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. బేగంపేటలో రాస్ పేరు మీద భవనం ఉన్నది, హుసేన్ ఖాన్ పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు.

దగ్గరి సంగతి చెప్పాలంటే గుండె బరువెక్కుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి మందుల కంపెనీలో పేలుడు జరిగి, ఆచూకీ దొరకని వారితో కలిపి 54 మంది కార్మికులు పోయారు. గుర్తుపట్టలేని దేహాలు పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికి చేరాయి. ఎవరు ఎవరి వారో తేల్చడానికి కుటుంబాల వారి నుంచి డీఎన్ఏ పరీక్షకు నెత్తురు తీయవలసి వచ్చింది. కొడుకు కోసం వచ్చిన తండ్రి చేతికి పట్టీ కట్టి నెత్తురు తీయడం ఎట్లాంటి పనో ఊహించుకోవచ్చు. ఆ చేయి వణికితే అది సూది భయం మాత్రం కాదు.

ఎన్ని సీసాలు తీస్తరమ్మా?

ఇంత నేర్చుకుని వచ్చిన పిల్ల మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూది పట్టుకోగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఇది. 2021 నుంచి సంగారెడ్డిలో సర్కారు డయాగ్నస్టిక్ కేంద్రం నడుస్తున్నది. పల్లె దవాఖానలో తీసిన నమూనాలు అక్కడికి పోయి ఉచితంగా పరీక్ష అవుతాయి. అయినా నెత్తురు ఇస్తే నీరసం వస్తుందని వెనకాడే వారు ఉన్నారు. పెద్ద మనిషి ఒంట్లో ఐదు లీటర్ల దాకా నెత్తురు ఉంటుంది. పరీక్షకు తీసేది ఒక్కో గొట్టానికి రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. చాయ్ చెంచా అంత. రక్తదానం చేసేవారు ఒక్కసారికి 350 మిల్లీలీటర్లు ఇచ్చి మామూలుగా పనికి పోతున్నారు.

ముఖ్యంగా గర్భిణులు ఈ భయం పెట్టుకోకూడదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగానే లెక్క, 7కు తగ్గితే ప్రాణాపాయం. కంటి రెప్ప తెరిచి చూస్తే ఇంత కచ్చితంగా తెలియదు, సూది గుచ్చితేనే తెలుస్తుంది.

ఇక నెత్తురు ఇచ్చేటప్పుడు మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. గతంలో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడి ఉంటే సిగ్గుపడకుండా ముందే చెప్పాలి, పడుకోబెట్టి తీస్తారు. పరగడుపున రమ్మంటే అన్నం మానాలి గాని మంచినీళ్లు మానకూడదు. నీళ్లు తాగి వస్తే సిర తేలికగా దొరుకుతుంది. చలికాలం పొద్దున చేయి వెచ్చగా కప్పుకుని రావాలి. సూది తీశాక మోచేయి మడవకుండా, చేయి చాచి ఉంచి, దూదిని రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. రుద్దకూడదు. నెత్తురు పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి చెప్పి, ఇంకా ఎక్కువ సేపు నొక్కాలి. చీటీ మీద పేరు సరిగ్గా రాశారో లేదో చదువు వచ్చిన వారు చూసుకోవాలి, రాని వారు పేరు చదివి వినిపించమని సిస్టర్‌ను అడగాలి.